అధ్యాపకులు ఆన్‌లైన్‌కి రాకపోవడానికి కారణం టెక్నాలజీ భయమేనా?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, తేడాగా అర్థం చేసుకుంటే సరిదిద్దండి. మీరు యూనివర్సిటీలో అధ్యాపకుల బోధనకు సాయపడే విభాగంలో కొత్తగా చేరారు. వచ్చే సెమిస్టర్ కల్లా 40 కోర్సులు ఆన్‌లైన్‌లోకి మారాలని పైనుంచి ఆదేశం. ఎల్‌ఎంఎస్ (కోర్సు పాఠాలు, అసైన్‌మెంట్లు, మార్కులు అన్నీ ఒకే చోట నడిపే సాఫ్ట్‌వేర్) వాడకం మీద వర్క్‌షాపులు పెట్టారు. సగం మంది రాలేదు. వచ్చినవాళ్లేమో పాత స్లైడ్లు, పీడీఎఫ్‌లు ఎక్కించేసి మా పని అయిపోయిందంటున్నారు. సీనియర్లకు టెక్నాలజీ అంటే ఉన్న భయం ఎలా పోగొట్టాలి, మంచి స్టూడియో కట్టిస్తే ఏమైనా కదలిక వస్తుందా అని అడిగారు.

భయం అన్నారే, అక్కడే నాకు పేచీ. ఆ సీనియర్లలో చాలామంది తమ పరిశోధన కోసం మీకూ నాకూ కొరుకుడు పడని సాఫ్ట్‌వేర్ రోజూ వాడుతుంటారు. ఫైల్ అప్‌లోడ్ చేయడం రాక దూరంగా ఉండేవాళ్లు తక్కువ. ఏళ్ల తరబడి క్లాసులో నిలబడి పాఠం చెప్పినవాళ్లు నోట్స్ కన్నా ఎక్కువగా ఎదుటి ముఖాలు చూసి పాఠం నడుపుతారు. వెనక వరసలో పెన్నులు ఆగిపోతే ఒక మెట్టు వెనక్కి వెళ్లి మళ్లీ చెబుతారు. ఇద్దరు గుసగుసలాడుకుంటే అక్కడేదో సందేహం పుట్టిందని పసిగడతారు. ఎవరైనా తలూపితే అది అర్థమై ఊపిందో మొహమాటానికి ఊపిందో కూడా కనిపెడతారు. ఆన్‌లైన్‌కి రాగానే ఇదంతా ఒక్కసారిగా మాయం. ఎదురుగా నల్లటి గళ్లు, వాటి కింద పేర్లు. "అర్థమైందా?" అంటే చాట్‌లో నలుగురు "యెస్ సార్" అని కొడతారు, మిగతావాళ్లు ఉన్నారో లేచి వెళ్లారో తెలియదు. తన అసలు నేర్పు పనికిరాకుండా పోయే చోటికి ఎవరైనా ఉత్సాహంగా ఎందుకొస్తారు?

అందుకని ఆ పోయిన చూపును ఇంకో దారిలో వాళ్లకి తిరిగి ఇవ్వడమే మీ పని అనుకోండి. కింద చెప్పేదంతా దాదాపుగా దీన్నుంచి వచ్చేదే. దూరవిద్య గురించి రాసిన మైఖేల్ మూర్ ఈ విషయాన్ని చాలాకాలం కిందటే చెప్పారు. గురువుకీ విద్యార్థికీ మధ్య దూరం కిలోమీటర్లలో ఉండదు, వాళ్ల మధ్య మాటామంతీ ఎంత జరుగుతోంది, కోర్సు అమరిక ఎంత బిగుతుగా ఉంది అన్నదాన్ని బట్టి ఉంటుందని ఆయన వాదన. ఆ లెక్కన 500 మంది హాల్లో ఆఖరి వరసలో కూర్చున్న కుర్రాడిది కూడా దూరవిద్యే. మొండికేసిన ప్రొఫెసర్లతో ఈ మాట అని చూడండి. నవ్వుతారు, కానీ కాదనరు.

ముందు ఆ 40 అనే అంకె సంగతి తేల్చుకోండి. మీ అధ్యాపకుల్లో చాలామందికి ఆన్‌లైన్ అంటే గుర్తొచ్చేది 2020. రాత్రికి రాత్రి క్లాసులన్నీ తెర మీదకి తోసేసిన రోజులవి. దాన్ని ఆన్‌లైన్ బోధన అనకూడదు, అది అత్యవసర పరిస్థితిలో దూరం నుంచి పాఠం చెప్పడం మాత్రమే అని చార్ల్స్ హాడ్జెస్, మరికొందరు 2020 మార్చిలోనే ఎడ్యుకాజ్ రివ్యూ అనే పత్రికలో రాశారు. పూర్తిగా ఆన్‌లైన్‌లో నడిచే ఒక యూనివర్సిటీ కోర్సు తయారీకి మామూలుగా 6 నుంచి 9 నెలలు పడుతుందని, చెప్పేవాళ్లకి చేయి తిరగడానికి రెండో మూడో విడత దాకా ఆగాలని కూడా అందులోనే ఉంది. ఇది తీసుకెళ్లి మీ పైవాళ్లకి చూపించండి. వచ్చే సెమిస్టర్‌కి అయిదారు కోర్సులు బాగా చేస్తాం, మిగతావాటికి కనీసపు ఏర్పాట్లు చేస్తాం అని రాతపూర్వకంగా ఒప్పించుకోండి. కనీసపు ఏర్పాట్లంటే పెద్దవేమీ కావు. ప్రతి కోర్సు పేజీలో వారాల వారీగా పని ఒకే వరసలో కనిపించాలి, డెడ్‌లైన్లన్నీ ఒకే చోట ఉండాలి, విద్యార్థికి సందేహం వస్తే ఎవరికి ఎక్కడ రాయాలో, ఎన్ని గంటల్లో జవాబొస్తుందో తెలియాలి. చాలా కోర్సుల్లో విద్యార్థుల సగం టెన్షన్ ఇంతటితోనే తగ్గుతుంది.

ఎంచుకున్న ఆ కోర్సుల అధ్యాపకులతో మొదటిసారి కూర్చున్నప్పుడు లాప్‌టాప్ తెరవకండి. మీ ఎల్‌ఎంఎస్ మూడ్‌ల్ అయినా కాన్వాస్ అయినా దాని ఊసే ఎత్తకండి. "మీ సబ్జెక్టులో ఏటా పిల్లలు ఎక్కడ బోల్తా పడతారు? పడ్డారని మీకెలా తెలుస్తుంది?" అని అడిగి ఊరుకోండి. ఇక వాళ్లు ఆగరు. స్టాటిస్టిక్స్ చెప్పే ఒకాయన నాకిలాగే చెప్పుకొచ్చారు. ఒక పరీక్షలో పి-వాల్యూ అనే అంకె 0.03 వచ్చిందంటే నల్ హైపోథిసిస్ (అసలు తేడా ఏమీ లేదన్న ఊహ) నిజమయ్యే అవకాశం 3 శాతం అని విద్యార్థులు ఏటా రాస్తారట. అసలు అర్థం వేరు. నల్ హైపోథిసిస్ నిజమే అనుకుంటే, ఇలాంటి ఫలితమో ఇంతకన్నా విపరీతమైనదో వచ్చే అవకాశం 3 శాతం అని. ఆయన క్లాసులో దీన్ని మాటల్తో చెప్పి, ముఖాలు చూసి, ఇంకోసారి చెప్పేవారు. ఇద్దరం కలిసి దాన్నొక ప్రశ్నగా మార్చాం. నాలుగు ఆప్షన్లు, అందులో తప్పువి మూడూ ఆయన ఎర్ర సిరాతో కొట్టేసిన పాత జవాబు పత్రాల్లోవే, దాదాపు విద్యార్థుల మాటల్లోనే. లైవ్ క్లాసుకి ముందురోజు రాత్రికల్లా అందరూ జవాబు పెట్టాలి, మార్కులు లేవు. పొద్దున్నే ఆయన తెర తెరిస్తే ఏ ఆప్షన్‌కి ఎంతమంది వెళ్లారో బొమ్మ కట్టినట్టు కనిపించింది. ఆ 3 శాతం ఆప్షన్ మీదే గుంపంతా ఉంది. వేసుకొచ్చిన పాఠం పక్కనబెట్టి ఆయన క్లాసు అక్కణ్నుంచే మొదలుపెట్టారు. క్లాసు గదిలో కూడా తనకింత స్పష్టంగా ఎప్పుడూ కనపడలేదని ఆయనే అన్నారు. ఆ తరవాత క్విజ్ ఎలా తయారుచేయాలో నేను నేర్పక్కర్లేకపోయింది, ఆయనే ఫోన్ చేసి అడిగారు.

ఇలాంటివి పట్టుకోవడానికి నేను వాడేది ఒక తెల్ల కాగితం, నిలువుగా ఒక గీత. ఎడమవైపు "ఈ వారం విద్యార్థి ఏం చేస్తారు?", కుడివైపు "అది జరిగిందని, ఎలా జరిగిందని మీకెలా కనిపిస్తుంది?". ఒక్క వారానికి చాలు, సెమిస్టర్ మొత్తానికి వద్దు. ఎడమవైపు మొదట ఏం రాస్తారంటే "లెక్చర్ వింటారు, చాప్టర్ చదువుతారు". కుడివైపు ఖాళీ. కాసేపు ఆ ఖాళీని చూడనివ్వండి, మీరు తొందరపడి ఏమీ సూచించకండి. ఎల్‌ఎంఎస్‌లో "వ్యూస్" వస్తాయి కదా అంటారు. పీడీఎఫ్ తెరిచారన్నంత వరకే అది చెబుతుంది. చదివి ఏం చేశారో చూడాలంటే విద్యార్థి చేతుల్లోంచి ఏదో ఒకటి రావాలి. రెండు వాక్యాలు కావచ్చు, సగం చేసిన లెక్క ఫోటో కావచ్చు, ప్రయోగం గ్రాఫ్ మీద గీసిన గీత కావచ్చు. అదేమిటన్నది సబ్జెక్టు తెలిసినవాళ్లే తేల్చాలి, మనం కాదు. సాహిత్యం చెప్పేవాళ్లకి బహుళైచ్ఛిక ప్రశ్నలు అంటగడితే వాళ్లు లేచి వెళ్లిపోతారు, వెళ్లాలి కూడా. వాళ్లకైతే ఒక పద్యం మార్జిన్లలో విద్యార్థులందరూ కలిసి వ్యాఖ్యలు రాసే ఏర్పాటు నప్పుతుంది.

ఇక వీడియోల సంగతి. అధ్యాపకుల సమయం ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో దాదాపు 69 లక్షల వీడియో సెషన్లను ఫిలిప్ గో, జుహో కిమ్, రాబ్ రూబిన్ పరిశీలించి 2014లో ప్రచురించారు. వీడియో ఎంత పొడవున్నా విద్యార్థులు చూసే సమయపు మధ్యస్థ విలువ 6 నిమిషాలు దాటలేదు. దీన్ని విని చాలామంది 50 నిమిషాల లెక్చర్‌ని కత్తెరతో ఎనిమిది ముక్కలు చేస్తారు. ప్రయోజనం ఉండదు, ఎందుకంటే మూడో ముక్కలో ఉన్నది రెండో ముక్క మధ్యలో మొదలైన మాటే. ఒక్కో వీడియోకి ఒక్క ప్రశ్న పెట్టుకుని, దానికి జవాబు చెప్పి ఆపేయమనండి. నాలుగు నిమిషాల్లో అయిపోతే నాలుగే. క్లాసులో చెప్పినదంతా వీడియోగా రావాలన్న నియమమేమీ లేదు, మంచి టెక్స్ట్‌బుక్‌లో ఉన్నది చదవనివ్వండి.

అదే పరిశీలనలో మీ స్టూడియో ప్రశ్నకీ జవాబుంది. ఖర్చుపెట్టి స్టూడియోలో తీసినవాటికన్నా టీచర్ తన టేబుల్ దగ్గర కూర్చుని మామూలుగా మాట్లాడిన వీడియోలే విద్యార్థులను ఎక్కువసేపు పట్టి ఉంచాయి. స్లైడ్ల పాఠం కన్నా చేత్తో రాస్తూ చెప్పిందే ఎక్కువ నిలబెట్టింది. కాబట్టి స్టూడియో డబ్బుతో మంచి మైకులు, రాసే టాబ్లెట్లు కొని అప్పివ్వండి. బొమ్మ మసకగా ఉన్నా జనం సర్దుకుంటారు, మాట గరగరలాడితే కట్టేస్తారు. ఇంకొకటి, మొదటి రికార్డింగప్పుడు పక్కనే కూర్చోండి. ఎంత అనుభవజ్ఞులైనా ఎర్ర లైటు వెలగ్గానే వార్తలు చదువుతున్నట్టు బిగుసుకుపోతారు, ఒక మాట తడబడితే మళ్లీ మొదటికొస్తారు. నేను కెమెరా పక్కన కూర్చుని అడ్డ ప్రశ్నలు వేస్తాను, నాకు చెబుతున్నట్టే చెప్పమంటాను. తడబాటు ఉంటే ఉండనివ్వండి, క్లాసులో తడబడినప్పుడు ఎవరూ బయటికెళ్లి మళ్లీ లోపలికి రారు కదా. "నిన్నటి క్లాసులో చూశాం", "వచ్చే మంగళవారం పరీక్ష" లాంటి మాటలు మాత్రం రికార్డింగులో రాకుండా చూసుకోండి. వచ్చే ఏడాది ఆ ఒక్క వాక్యం వల్ల వీడియో మొత్తం మళ్లీ తీయాల్సి వస్తుంది.

డేటా గురించి కూడా లెక్క వేసి చూపించండి. వీడియో కాల్ సెకనుకి 1 మెగాబిట్ చొప్పున లాగితే గంటకి 450 ఎంబీ. 64 కిలోబిట్ల ఆడియో అయితే గంటకి 29 ఎంబీ లోపే. ఫోన్ మీదే చదువుకునేవాళ్లకి ఈ తేడా చాలా పెద్దది. ప్రతి వీడియోకి పక్కన ఆడియో ఒకటి, స్లైడ్లు ఒకటి పెట్టడం ఎవరికీ భారం కాదు. స్కాన్ చేసి బొమ్మలుగా పెట్టిన పీడీఎఫ్‌లను చూపులేనివాళ్ల స్క్రీన్ రీడర్లు చదవలేవు, వెతుకుదామంటే మిగతావాళ్లకీ ఒక్క మాట దొరకదు. ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను చదవగలిగే టెక్స్ట్‌గా మార్చడం) చేయించే పని మీ విభాగమే తీసుకోండి, అధ్యాపకుల నెత్తిన వేయకండి. క్యాప్షన్లదీ అంతే. యంత్రం రాసిన క్యాప్షన్లలో సబ్జెక్టు పదాలే ఎక్కువగా తప్పిపోతాయి, ఎవరో ఒకరు కూర్చుని దిద్దాలి.

లైవ్ క్లాసుని లెక్చర్‌కి వాడుకోవద్దని చెప్పి ఒప్పించగలిగితే మీరు గట్టివారే. పూర్తిగా ఒప్పించలేకపోయినా ఒక చిన్న పద్ధతి నేర్పండి. "అర్థమైందా?" బదులు జవాబు ఉన్న ప్రశ్న వేయాలి. అందరూ చాట్‌లో జవాబు టైప్ చేసి ఎంటర్ నొక్కకుండా ఆగాలి. ఒక నిమిషం తరవాత టీచర్ "ఇప్పుడు" అనగానే అందరూ ఒకేసారి పంపాలి. ఒకరిని చూసి ఒకరు రాయడం కుదరదు, వెనకాడేవాళ్లు కూడా గుంపులో కలిసిపోతారు, యాభై జవాబులు జలజలా రాలతాయి. మొదటిసారి చేసినప్పుడు టీచర్ ముఖం చూడాలి మీరు. ఆ ఒక్క నిమిషం నిశ్శబ్దాన్ని భరించడమే కష్టం, అదొక్కటీ రెండు మూడుసార్లు రిహార్సల్ చేయించండి. కెమెరాలు ఆన్ చేయమని బలవంతపెట్టడం నాకు నచ్చదు. ఇంటి పరిస్థితులు అందరివీ ఒకలా ఉండవు. పైగా తెర మీద ఎప్పుడూ ఎదురుగా కనిపించే కళ్లు, తన ముఖాన్నే తను చూస్తూ కూర్చోవడం మనిషిని అలసిపోయేలా చేస్తాయని స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జెరెమీ బెయిలెన్‌సన్ 2021లో వాదించారు. అధ్యాపకులకు కనీసం సెల్ఫ్ వ్యూ (తెర మీద తమకే కనిపించే తమ ముఖం) దాచేయడం నేర్పండి, రోజుకు మూడు క్లాసులు చెప్పేవాళ్లకి హాయిగా ఉంటుంది.

డిస్కషన్ పేజీలు చచ్చిపడి ఉంటున్నాయని రాశారు. అక్కడ ఇచ్చిన ప్రశ్న చూశాను: "ద్రవ్యోల్బణం గురించి మీ అభిప్రాయాలు పంచుకోండి". దీనికి ఎవరైనా ఏం రాస్తారు? మొదటివాళ్లు నిర్వచనం రాస్తారు, మిగతావాళ్లు "బాగా చెప్పారు" అంటారు. దాని బదులు, జీతాలు 5 శాతం, ధరలు 7 శాతం పెరిగిన ఒక కుటుంబాన్నీ అదే సమయంలో స్థిరమైన వడ్డీకి అప్పు తీర్చుతున్న ఇంకో కుటుంబాన్నీ ఇచ్చి, ఎవరు నష్టపోయారు, ఎవరు లాభపడ్డారు, మీ ముందు రాసినవారి లెక్కలో ఏం తగ్గింది అని అడిగితే వాదన పుడుతుంది. ఆరేడుగురి చొప్పున గ్రూపులు చేయండి, అరవై మందిని ఒకే పేజీలో వదిలితే ఎవరూ ఎవర్నీ చదవరు.

ఇంత రాతపని పెడితే దిద్దేదెవరు అన్నది అధ్యాపకుల న్యాయమైన ప్రశ్న. 60 మందికి ఒక్కొక్కరికి 15 నిమిషాలంటే వారానికి 15 గంటలు. ఏ మనిషీ చేయలేడు, చేయమని చెప్పకండి. వారంలో వచ్చిన రాతల్లో పదో పదిహేనో చదివి, అందరిలో కనిపించిన రెండు మూడు తప్పుల మీద అయిదు నిమిషాల ఆడియో ఒకటి పెట్టమనండి. ఫలానా ఇద్దరు ఇలా రాశారు, బావుంది అంటే చాలు, తమ రాత ఎవరో చదువుతున్నారని మిగతావాళ్లకి తెలుస్తుంది. విడిగా ఫీడ్‌బ్యాక్ అనేది సెమిస్టర్‌లో రెండుసార్లు, పెద్ద అసైన్‌మెంట్లకు ఉంచుకోవచ్చు.

కాపీ గురించి తప్పకుండా అడుగుతారు. పరీక్ష రాసేవాళ్లని కెమెరాతో కనిపెట్టే నిఘా సాఫ్ట్‌వేర్ కొనమని మీ మీద ఒత్తిడి వస్తుంది. నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను, దాని మీద పెట్టే డబ్బూ తగవులూ దండగ. రెండో ఫోన్‌ని అది పట్టుకోలేదు, కిటికీ వైపు చూసిన అమాయకుణ్ని మాత్రం పట్టుకుంటుంది. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక ఇంటినుంచి రాసే వ్యాసం ఒక్కదాని మీదే మార్కులన్నీ పెట్టడం ఎలాగూ కుదరదు. మార్కుల్ని వారం వారం పనికి పంచండి, పెద్ద అసైన్‌మెంట్‌కి అయిదు నిమిషాల మౌఖికం జోడించండి, "ఈ పేరాలో ఇలా ఎందుకన్నారు?" అని అడిగితే సొంతంగా రాసిందో కాదో ఇట్టే తేలుతుంది. క్లాసు మరీ పెద్దదైతే అందరినీ కాకుండా కొందరినే ఎంచి పిలవొచ్చు. వీలుంటే చివరి పరీక్ష ఒక్కటీ హాల్లో పెట్టండి, అన్నీ ఆన్‌లైన్‌లోనే జరగాలన్న పట్టుదల అనవసరం.

మీకు ఎవరూ పైకి చెప్పని అభ్యంతరం ఇంకొకటుంది. "నా పాఠాలన్నీ రికార్డు చేసి ఇచ్చేశాక వచ్చే ఏడాది నాతో పనేముంటుంది?" ఇది లోపల తొలుస్తుంటే మీరెన్ని వర్క్‌షాపులు పెట్టినా తలుపు తెరుచుకోదు. కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లకైతే ఇది అక్షరాలా పొట్టకూటి విషయం. రికార్డింగులు ఎవరి సొత్తు, టీచర్ మానేసి వెళ్లిపోయాక వాటిని వాడొచ్చా, వాడితే పేరు, పారితోషికం సంగతేమిటి, ఎప్పుడు తీసేయమని అడగొచ్చు అన్నది ఒక్క పేజీలో రాసి సంతకంతో ఇప్పించమని మీ యాజమాన్యాన్ని అడగండి. ఇవ్వకపోతే ఆ మాట అధ్యాపకులతో దాచకుండా చెప్పండి. వాళ్ల నమ్మకం పోగొట్టుకుని మీరీ ఉద్యోగంలో ఏమీ చేయలేరు. కోర్సు తయారీకి పట్టే గంటల్ని పనిభారంలో లెక్కేయమని కూడా అప్పుడే అడగండి, ఒక క్లాసు తగ్గించినా చాలు.

వర్క్‌షాపులు పూర్తిగా మానేయమనను. కానీ అన్ని శాఖలవాళ్లనూ ఒకే గదిలో కూర్చోబెట్టి మెనూలు చూపించడం ఆపేయండి. దాని స్థానంలో రెండు వారాల చిన్న ఆన్‌లైన్ కోర్సు పెట్టి, అధ్యాపకుల్ని అందులో విద్యార్థులుగా చేర్చండి. డెడ్‌లైన్ దాటడం, అసైన్‌మెంట్ ఎక్కడ పెట్టాలో తెలియక వెతుక్కోవడం, రాసినదానికి ఎవరూ పలక్కపోవడం ఇవన్నీ వాళ్లకే జరగాలి. డీన్ స్థాయివాళ్లు కూడా "లింక్ ఎక్కడుంది?" అని మెసేజ్‌లు పెడతారు. ఆ తరవాత వాళ్ల కోర్సు పేజీల అమరిక తనంతట తనే మారుతుంది. ఒకే శాఖ నుంచి ఇద్దరిద్దర్ని తీసుకోండి, ఒక్కరే అయితే తిరిగి వెళ్లాక వాళ్లతో మాట్లాడేవాళ్లుండరు. ఇక మొదటి రెండు లైవ్ క్లాసులకు మీరో మీ సహాయకులో లోపల కూర్చుని చాట్ చూసుకోండి. ఆడియో పోయిందనో లింక్ తెరుచుకోలేదనో వచ్చే గోలంతా మీరే పడితే టీచర్ పాఠం చూసుకుంటారు. సెమిస్టర్ మొత్తంలో మీరు చేసే సాయంలో వాళ్లకి గుర్తుండేది ఇదే.

సెమిస్టర్ చివర మిమ్మల్ని నివేదిక అడుగుతారు. ఎంతమందికి ట్రైనింగ్ ఇచ్చారు, ఎన్ని గంటల వీడియో తయారైంది అని కాలమ్స్ ఉంటాయి. అవి నింపండి, తప్పదు. వాటి పక్కన ఇంకో మూడు చేర్చండి: మూడో వారానికల్లా ఏదో ఒక పని చేసి పెట్టిన విద్యార్థులు ఎందరు, వెనకబడినవాళ్లని గుర్తించి టీచర్ స్వయంగా రాసిన కోర్సులెన్ని, రెండోసారి కూడా ఆన్‌లైన్‌లో చెబుతామన్న అధ్యాపకులెందరు. మూడో వారం అని ఎందుకన్నానంటే, అప్పటిదాకా అలికిడి లేనివాళ్లని ఆ తరవాత వెనక్కి తెచ్చుకోవడం చాలా కష్టం. ఆ జాబితా ఎల్‌ఎంఎస్‌లోంచి తీసి ప్రతి శుక్రవారం అధ్యాపకులకు మీరే పంపండి, వాళ్లని వెతుక్కోమనకండి. మీ దగ్గర మూడ్‌ల్ అయితే ఏ రిపోర్టులో అది దొరుకుతుందో, దాన్ని వారానికోసారి తనంతట తనే పంపేలా ఎలా పెట్టుకోవాలో కావాలంటే విడిగా రాస్తాను, వెర్షన్ చెప్పండి.